ఎరుపు తిరగని కిస్మసు చెట్టు

రెంటచింతల ఎండ గురించి బయటివాళ్ళకు చెప్పి ఒప్పించడం కష్టం. ఉగాది దాటిందంటే గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కాకులు నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి. మనుషులు తెల్లవారకముందే లేచి పని ముగించుకుని వచ్చి తలుపులు బిగించుకుంటారు. ఆ రెంటచింతలకు కాస్త దూరంలో, తాగే నీళ్ళకే ఊరి బయటి బావి దాకా నడవాల్సిన ఒక పల్లెలో, మణెమ్మ అనే విధవరాలు ఒక చెట్టును పెంచింది. అది తినడానికి పనికిరాదు, గొడ్డుకు వెయ్యడానికి పనికిరాదు, పొయ్యిలోకి కూడా పనికిరాదు. ఊరు నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది పాపం!

"కాయా, పండా? ఏంది వదినా దాంతో నీకు?" అని ఎదురింటి ధనమ్మ అడగని రోజు లేదు. ధనమ్మ వాళ్ళు హిందువులు, మణెమ్మ వాళ్ళు చర్చినే గుడి అనుకునే కతోలిక్కులు. కానీ నిప్పుకూ ఉప్పుకూ ఆ సందు దాటడంలో ఇద్దరికీ ఏనాడూ తేడా తెలియలేదు.

"చూట్టానికి," అనేది మణెమ్మ.

"చూట్టానికి నా మొహం ఉంది గదా, దానికి నీళ్ళు పొయ్యి," అనేది ధనమ్మ. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

నిజానికి ఆ చెట్టు నవ్వుతూ వచ్చింది కాదు. మణెమ్మ భర్త ఇన్నయ్య బావులు తవ్వే పనికి పోయేవాడు. ఆ నేలలో రెండు బారలు దిగితే బండ తగులుతుంది, బండకు మందు తూటా పెట్టి పేల్చాల్సిందే. ఒక తూటా ఆలస్యంగా పేలింది. ఇన్నయ్యను బండిలో వేసుకుని సిస్టరమ్మల దవాఖానాకు తీసుకుపోయారు. అక్కడ ఆయన ప్రాణం పోయిన రోజున తోటమాలి ఎవరో ఆవరణలో ఎర్రాకుల చెట్లు కొట్టి కొమ్మలు కుప్ప పోస్తున్నాడు. మణెమ్మ శవం వెంట బండెక్కుతూ ఆ కుప్పలోంచి ఒక పుల్ల లాక్కుంది. ఎవరినీ అడగలేదు. ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియదు, చేతికి ఏదో ఒకటి పట్టుకోవడానికి కావలసి వచ్చింది. ఆ పుల్లను ఇంటికొచ్చాక గోడ వారగా గుచ్చేసి మరిచిపోయింది. అది బతికింది.

బతికిందంటే దాని పుణ్యం కాదు, మణెమ్మ చాకిరీ. ఊరు దానికి పెట్టిన పేరు కిస్మసు చెట్టు. అది ఏడాదంతా మామూలు పచ్చ ఆకులతో పిచ్చిచెట్టులా పడి ఉంటుంది. దసరా దాటి చలిగాలి తిరిగాక కొమ్మల చివరి ఆకులు ఒక్కొక్కటే ఎరుపు తిరుగుతాయి. క్రిస్మసు పండుగ నాటికి ప్రతి కొమ్మ కొసనా ఎర్రటి ఆకులు విప్పారి పెద్ద పువ్వుల్లా కనిపిస్తాయి. చూసినవాళ్ళు పువ్వే అనుకుంటారు. ఆ నెల రోజుల ఎరుపు కోసం మిగతా ఏడాదంతా దానికి ఊడిగం చెయ్యాలి.

ఎర్రాకులు రాలిపోగానే కొడవలితో మోకాటి ఎత్తుకు కొట్టెయ్యాలి. జాలిపడి వదిలేస్తే మనిషెత్తు లేచి కాళ్ళు సాగదీసినట్టు సన్నబడుతుంది, అందమూ ఉండదు, గాలికి విరుగుతుంది. కొట్టిన చోట పాలు కారతాయి, ఆ చేత్తో కన్ను నలుపుకుంటే ఆ పూటకు కన్ను కనపడదు. ఎండాకాలం పడమటి పక్కన జొన్నచొప్ప తడిక కట్టాలి. బియ్యం కడిగిన నీళ్ళు, గిన్నెలు తొలిచిన నీళ్ళు దాని మొదట్లోకే పోవాలి. వానలు పడి చిగుళ్ళు లేచాక ఒక్కొక్క చిగురు కొసనూ గోటితో గిల్లుతూ ఉండాలి. గిల్లిన చోట రెండు చిగుళ్ళు లేస్తాయి, వాటినీ గిల్లితే నాలుగు, అలా చెట్టు నడుమెత్తులో గుమ్మడికాయలా గుండ్రంగా గుబురు కడుతుంది. ఆకు అడుగున తెల్ల పురుగు పిండిలా అంటితే పొయ్యి బూడిద చల్లాలి. సెప్టెంబరులో దేవమాత పుట్టిన పండుగ వెళ్ళిందంటే ఇక గోరు తగలనివ్వకూడదు. అక్కడినుంచి చెట్టు ఇష్టం. ఇవన్నీ మణెమ్మకు ఎవరూ చెప్పలేదు. ఒక ఏడు తప్పు చేసి మరో ఏడు దిద్దుకుంది.

అలా దిద్దుకుంటూ వచ్చేసరికి ఊళ్ళో నవ్వు ఆగిపోయింది. గుడిలో క్రిస్మసుకు పశువుల పాక కట్టినప్పుడు బాలయేసు చుట్టూ పెట్టడానికి ఆ ఎండిన నేలలో వేరే రంగేదీ దొరికేది కాదు. మణెమ్మ ఎర్ర కొమ్మలు కోసి, పాలు కారకుండా కొసలు పొయ్యిలో కాల్చి, గంపలో పెట్టుకుని నెత్తిన ఎత్తుకుని వెళితే పిల్లలు వెంట నడిచేవాళ్ళు. మొగుడు పోయిన ఆడదాన్ని శుభకార్యంలో ముందుకు రానివ్వని మనుషులే, ఆ ఒక్క సాయంత్రం మాత్రం మణెమ్మకు దారి వదిలేవాళ్ళు.

ఆమెకు ఒక్కడే కొడుకు, బాలశౌరి. తండ్రి పోయేనాటికి పలక పట్టుకునే వయసు. పెద్దవాడయ్యాక అవతల కృష్ణ మీద డాము కడుతుంటే ఊళ్ళో కుర్రాళ్ళందరితో పాటు వాడూ పనికి పోయాడు. ముందు రాయి తొలిచే పనిలో పెట్టారు. ఆ దుమ్ములో రెండేళ్ళు ఉన్నాడు. తర్వాత కరెంటు వైర్లు లాగేవాళ్ళ దగ్గర చేరి ఆ పని నేర్చుకున్నాడు. చేతి పని ఇట్టే అబ్బేది వాడికి. ఇక పెళ్ళి చెయ్యాలని మణెమ్మ సంబంధాలు చూస్తుండగా వాడు ఇంటికొచ్చేశాడు. మనిషి సగమయ్యాడు. దగ్గితే గుడ్డలో ఎరుపు పడుతోంది.

క్షయ అన్నారు. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరెత్తితే చాలు, సంబంధాలే కాదు చుట్టాలు కూడా గుమ్మం తొక్కేవాళ్ళు కాదు. కానీ మందులు వచ్చాయి అప్పటికి. కాంపౌండరు జ్ఞానయ్య సైకిలు మీద వచ్చి సూది పొడిచి వెళ్ళేవాడు. మాత్రలు వాసన కొట్టేవి, వాంతి వచ్చేలా ఉండేవి, పిడికెడు మింగాలి. బాలశౌరి ముక్కు మూసుకుని మింగేవాడు. వాన కాలం వచ్చేసరికి దగ్గులో ఎరుపు తగ్గింది, రెండు ముద్దలు ఎక్కువ తింటున్నాడు.

"అక్కా, కుర్రాడు తేరుకున్నాడు," అన్నాడు జ్ఞానయ్య ఒకరోజు సూది ఉడకబెడుతూ. "మందు మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు. ఏడాది దాకా సాగాల. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తది, అప్పుడు నా చేతిలో ఏం ఉండదు. చెప్తున్నా."

"నేనుండగా మానతాడా జ్ఞానయ్యా," అంది మణెమ్మ.

అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! కానీ కన్నతల్లి ఊరుకుంటుందా? దేవమాత పుట్టిన పండుగ నాడు, పూజ అయ్యాక, గుడి ముందర అందరూ నిలబడి ఉండగా, మోకాళ్ళ మీద కూర్చుని గొంతెత్తి మొక్కుకుంది.

"అమ్మా మరియతల్లీ! ఈ ఏడు నా చెట్టు ఎర్రబడితే కొమ్మలు కాదు, చెట్టుకు చెట్టే పెళ్ళగించి తొట్టిలో పెట్టి తెచ్చి నీ బిడ్డ కాళ్ళ దగ్గర పెడతా. నా బిడ్డను నాకు ఇడిసిపెట్టు."

మొక్కు మనసులో అనుకోవచ్చు. ఎవరు కాదన్నారు? కానీ ఆ వైపు మొక్కంటే నలుగురి ముందర చెప్పాలి, లేకపోతే మొక్కే కాదు. నలుగురూ విన్నారు. ఆ రోజు నుంచి చెట్టు మణెమ్మది కాకుండా పోయింది. దాని రంగులో బాలశౌరి బతుకు ఉందని ఊరంతా నమ్మింది. ఊరందరికంటే ఎక్కువగా బాలశౌరి నమ్మాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊరికి కరెంటు వచ్చింది. స్తంభాలు పాతారు, తీగలు లాగారు, వీధి దీపాలు పెట్టారు. పంచాయతీ ప్రెసిడెంటు శివరామయ్య వీధివీధికీ తిరుగుతూ ఎక్కడ దీపం పెట్టాలో చెబుతున్నాడు. మణెమ్మ ఉండే సందులోకి స్తంభం రాలేదు, ఎవరిదో ఒకరి గోడకు బిగించాలి. మంచంలో ఉన్న బాలశౌరి లేచి గోడ పట్టుకుని బయటికొచ్చాడు.

"పెదనాయనా, మా గోడకు పెట్టించు. లైన్‌మన్ అక్కర్లా, నేనే బిగిస్తా," అన్నాడు.

"ఒరేయ్, నిచ్చెన ఎక్కగలవంట్రా?"

"ఎక్కుతా. మా అమ్మ చెట్టు మీదనే పెడతా. దేవుడికి పోయే చెట్టు గదా పెదనాయనా, చీకట్లో ఎందుకుండాల?"

శివరామయ్య అక్కడే పెట్టమన్నాడు. ఊళ్ళో ఎవరైనా అదే అనేవాళ్ళు. దేవుడిదంటే దానికి దీపం పెట్టాలి, చీకట్లో ఉంచడం పాపం. ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. బాలశౌరి నిచ్చెన ఎక్కి, మధ్యమధ్య ఆగి దగ్గి, ఆ బల్బును సరిగ్గా చెట్టు నెత్తిన వేలాడేలా బిగించాడు. మణెమ్మ కింద నిచ్చెన పట్టుకుని నిలబడింది. సాయంత్రం ఊరి చివర స్విచ్చి వేశారు. దీపం వెలిగింది. ఆకు ఆకూ పచ్చగా మెరిసింది.

"చూశావా అమా! పగలల్లే లేదూ?" అన్నాడు వాడు, వసారాలో మంచం మీద కూర్చుని. జబ్బు పడ్డాక వాడు అంత సంతోషంగా నవ్వడం అదే. మణెమ్మ వాడి తల నిమిరింది. ఆ వీధి దీపానికి ఇంట్లో స్విచ్చి లేదు. పొద్దుగుంకితే వెలిగేది, మళ్ళీ తెల్లవారితేనే ఆరేది.

దసరా వెళ్ళింది. నవంబరులో ఆత్మల పండుగ వెళ్ళింది. మణెమ్మ సమాధుల తోటలో ఇన్నయ్య దగ్గర కొవ్వొత్తి పెట్టి ఇంటికొచ్చి చెట్టు చూసింది. ఎరుపు లేదు. తొందరేముంది, ఇంకా చలి ముదరలేదు అనుకుంది. పేడ ఎక్కువైందేమోనని మానేసింది. నీళ్ళు తక్కువైనాయేమోనని పోసింది. నీళ్ళు ఎక్కువైనాయేమోనని మళ్ళీ మానేసింది. బూడిద చల్లింది. పాత ఆకులు తుంచింది. చెట్టుకు ఏ తెగులూ లేదు. దిట్టంగా, గుబురుగా, నిగనిగలాడుతూ పచ్చగా ఉంది. అంత ఆరోగ్యంగా అది ఏ ఏడూ లేదు. అదే చూసి ఆమెకు భయం వేసింది.

ఇక ఊరు మొదలుపెట్టింది. బావికి పోయేవాళ్ళు ఆ సందులోంచే పోవడం నేర్చుకున్నారు. బిందె చంకన పెట్టుకుని ఆగేవాళ్ళు.

"తిరిగిందా వదినా?"

"ఇంకా లేదు."

"తిరుగుతదిలే," అనేవాళ్ళు. అని మంచం మీద ఉన్నవాడి వైపు ఒక చూపు చూసి, నాలుక చప్పరించి పోయేవాళ్ళు. ఆ చప్పరింపులు వినడానికి బాలశౌరికి చెవులు బాగానే ఉన్నాయి. జాలిపడేవాళ్ళకు ఆ మాత్రం జ్ఞానం ఉండాలా వద్దా? ధనమ్మ ఒకరోజు చీపురుకట్ట తీసుకుని సందులోకొచ్చింది.

"మీ ఇళ్ళల్లో చెట్లు లేవా? నీళ్ళు చేదుకోను పోతన్నారా, చావు చూడను వస్తన్నారా?" అని అరిచింది. తర్వాత తను అన్న మాట తనకే వినిపించి, చీపురు పారేసి ఇంట్లోకి పోయింది.

పండుగ దగ్గరపడింది. జ్ఞానయ్య గుండెకు గొట్టం పెట్టి చూసి బాగుందన్నాడు. బరువు పెరిగాడన్నాడు. కానీ ఆ మాట చెప్పిన మనిషి సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు, చెట్టు మాత్రం పగలూ రాత్రీ వాడి కళ్ళ ముందరే ఉండేది. బాలశౌరి దాన్నే చూస్తూ పడుకునేవాడు. తల్లి మొహం కూడా చూసేవాడు. ఆ మొహం ఎంత దాచినా దాగేది కాదు.

"అమా, ఎందుకే ఈ మాత్రలు," అన్నాడు ఒక పొద్దున.

"అదేం మాటరా?"

"నువ్వడిగావు. మరియతల్లి చెప్పింది. నాకు కనపడతానే ఉంది గదా."

"చెట్టుకేం తెలుసు నాయనా! అదేదో గాలి తేడా. నువ్వు మింగు అయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా."

మింగాడు. మింగినట్టే కనపడ్డాడు. మంచం పక్కన గోడ రాళ్ళ సందులో మాత్రల కుప్పను మణెమ్మ చూసేసరికి చానా ఆలస్యమైంది. అన్నం కూడా ఊరికే కలిపి వదిలేస్తున్నాడు. జ్ఞానయ్య వస్తే సూదికి చెయ్యి ఇవ్వలేదు. జ్ఞానయ్య తిట్టాడు, బతిమాలాడు, చివరికి మంచం పట్టెకు తల ఆనించి ఏడ్చాడు. బాలశౌరి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

క్రిస్మసు పూజకు గుడిలో కాగితపు పూలు పెట్టారు. మణెమ్మ వెళ్ళలేదు. జనవరి మొదట్లో, ముగ్గురు రాజుల పండుగకు ముందు ఒక మధ్యాహ్నం బాలశౌరికి దగ్గు తెర వచ్చింది, రక్తం ఆగలేదు. తల్లి ఒళ్ళోనే పోయాడు. ఆమె చీరంతా తడిసింది. ఎర్రబడమని ఇన్నాళ్ళు వేడుకున్న మనిషికి దేవుడు ఎరుపు చూపించిన తీరు అది. ఆ మాట ఆమే అంది, శవం దగ్గర, పైకి, అందరూ వినేలా. ఫాదరుగారు తల వంచుకుని విన్నారు.

సమాధి అయ్యాక మణెమ్మ చేసిన మొదటి పని శివరామయ్య ఇంటికి పోవడం.

"ఆ దీపం తీయించు బావా. వాడు కట్టింది నేను రోజూ చూడలేను."

మర్నాడే లైన్‌మన్ వచ్చి విప్పుకుపోయాడు. సందు మళ్ళీ చీకటి పడింది. మణెమ్మ వసారాలో వాడి మంచం మీదే పడుకునేది. నీళ్ళు పొయ్యలేదు, ఆకు తుంచలేదు. చస్తే చావనీ అనుకుంది.

అది చావలేదు. ఉపవాస కాలం మొదలయ్యే విభూది బుధవారం వెళ్ళాక, గుడిలో పూలన్నీ తీసేసి పీఠాలకు ఊదా గుడ్డలు కప్పిన రోజుల్లో, ఎండ ముదరబోతున్న సమయంలో, ఆ చెట్టు ఎర్రబడింది. కొస కొసా, కొమ్మ కొమ్మా! ఏ క్రిస్మసుకూ ఎర్రబడనంత ఎర్రబడింది. బిందెలు మళ్ళీ సందులో ఆగాయి. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు.

ఊరు ఊరికే ఉండలేదు గానీ. ఇవ్వాల్సిన వేళకు ఇవ్వకుండా, మనిషి పోయాక ఎర్రబడిందంటే ఏదో కారణం ఉండాలి కదా. మొక్కులో లోపం ఉందన్నారు. ఆ పుల్ల అడగకుండా తెచ్చిందట, దొంగ చెట్టు దేవుడికిస్తే తీసుకుంటాడా అన్నారు. విధవ చేతి మొక్కు అన్నారు. కొడుకును మణెమ్మే పొట్టన పెట్టుకుందని ఒకామె బావి దగ్గర అననే అంది. మణెమ్మ విన్నది. బిందె ఎత్తుకుని వచ్చింది. అది నిజమేనేమో అనుకుంది కూడా. రాత్రింబవళ్ళు వెతుక్కుంది, ఎక్కడ తప్పు చేశాను, ఏ మాట తప్పు అన్నాను అని. అయినా అలవాటు పోదు కాబట్టి వేసవిలో చెట్టును కొట్టింది, తడిక కట్టింది, వానల్లో చిగుళ్ళు గిల్లింది. చేతులకు వేరే పని తెలియదు.

ఆ ఏడు దసరాలప్పుడు సందు మరీ చీకటిగా ఉందని, పాము కనిపించిందని గోల చేస్తే పంచాయతీ వాళ్ళు మళ్ళీ దీపం తెచ్చారు. మణెమ్మ గోడకు వద్దన్నందుకు ఎదురుగా ధనమ్మ గోడకు బిగించారు. వెలుతురు సందు దాటి వచ్చి మణెమ్మ గోడ మీద పడేది. మణెమ్మ ఇంటి మూల అడ్డమొచ్చి, ఆ నీడ చెట్టును నిలువునా రెండు చేసేది. సగం వెలుతురులో, సగం నీడలో. ఎవరు పట్టించుకుంటారు?

క్రిస్మసు ముందు రోజు పొద్దున మణెమ్మ చెట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. అంతకుముందు కొన్నాళ్ళుగా మూలపక్కన ఎరుపు కనపడుతోంది గానీ ఆమె సరిగ్గా చూడలేదు, చూడటానికి మనసొప్పలేదు. ఇప్పుడు చూసింది. నీడ పడే సగం నిండా ఎరుపు. వెలుతురు పడే సగం, ఒక్క ఆకు కూడా తిరగని నిఖార్సైన పచ్చ. రెంటికీ మధ్య గీత గీసినట్టు ఉంది. ఆమె ఎదురుగోడ మీద బల్బు వైపు చూసింది. ఇంటి మూల వైపు చూసింది. మళ్ళీ చెట్టు వైపు చూసింది. గోడ పట్టుకుని కూర్చుంది.

దీపం. అంతే. దానికి చీకటి కావాలి. రాత్రి చీకటి లేకపోతే అది ఎరుపు తిరగదు. మొక్కు కాదు, దొంగ పుల్ల కాదు, విధవ చెయ్యి కాదు. దేవుడు కాదనలేదు, ఔననలేదు, ఆయనకు సంబంధమే లేదు. నిచ్చెన ఎక్కి దగ్గుతూ దగ్గుతూ వాడు కట్టిన దీపం. కింద నిచ్చెన పట్టుకుంది తను.

ఎంతసేపు కూర్చుందో, ధనమ్మ వచ్చి పక్కన నిలబడింది. ధనమ్మ కళ్ళు చురుకైనవి. చెట్టు చూసింది, వెనక్కి తిరిగి తన గోడ చూసుకుంది.

"వదినా! ఓ వదినా, ఇది దీపం వల్లనే! పోయినేడు కూడా... ఓరి దేవుడో, అది తీసేసినాకే గదా ఎర్రబడింది!" ఆమె మణెమ్మ భుజాలు పట్టుకుని కుదిపింది. "నీ మొక్కులో లోపం లేదే తల్లీ! ఏడాదిగా నీ మీద ఎన్నెన్ని మాటలన్నారు ముండలు! పద, అందరినీ పిలుచుకొచ్చి చూపిస్తా. ప్రెసిడెంటును పిలుస్తా. వాళ్ళ నోళ్ళు పడిపోవాల."

"ఎవరినీ పిలవమాక ధనమ్మా."

"ఏందే? పిలవకపోతే ఎట్టా? సాయంత్రం గుడికి పోయేవాళ్ళంతా ఈ దారినే పోతారు. వాళ్ళే చూస్తారు గదా."

మణెమ్మ లేచింది. ఇంట్లోకి వెళ్ళి కొడవలి తెచ్చింది. ముందు పచ్చటి పక్కన ఒక కొమ్మ కొట్టింది, తర్వాత ఎర్రటి పక్కన ఒకటి. ధనమ్మకు అర్థమయ్యేసరికి ఒక క్షణం పట్టింది.

"పిచ్చెక్కిందటే నీకు? పండగ పూట ఇంత ఎర్రగా ఉన్నదాన్ని కొడతావటే! ఇదే గదా నీ సాక్ష్యం!" అని చెయ్యి పట్టుకోబోయింది.

"ఆ దీపం పెట్టింది ఎవరే?" అంది మణెమ్మ. గొంతు పైకి లేవలేదు. "ఊరికి చెబితే ఏమంటది? వాడి చావు వాడే కట్టుకున్నాడంటది. నా కోసం, నా చెట్టు కోసం నిచ్చెనెక్కిన బిడ్డ అని అనదు. పోయినోడు వచ్చి కాదని చెప్పుకుంటాడా?"

ధనమ్మ పట్టుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నన్ననుకోనీ. దేవుణ్ణి అనుకోనీ. మేమిద్దరం మోస్తాం," అంది మణెమ్మ, మళ్ళీ కొడవలి ఎత్తింది.

ఎరుపూ పచ్చా కలిసి కుప్ప పడ్డాయి. పాలు ఆమె మోచేతుల దాకా కారాయి. ధనమ్మ కాసేపు చూసి, చీర కొంగు నడుముకు బిగించి, నరికిన కొమ్మలను చేతుల నిండా ఎత్తుకుని ఇంటి వెనకకు మోసుకుపోయింది. రెండు రంగులు విడివిడిగా కనపడకుండా వాటి మీద పిడకల కుప్ప తెచ్చి పోసింది. సాయంత్రం కొత్త బట్టలు కట్టుకుని గుడికి పోయేవాళ్ళు ఆ సందులో ఆగి, గోడ వారగా మిగిలిన మోడును చూశారు. కొడుకును ఇవ్వలేదని దేవుడి మీద కక్షతో పండుగ చెట్టును నరికేసింది, ఎంత గుండె దీనికి అన్నారు. మణెమ్మ వసారాలో నిలబడి ఆ మాటలన్నీ విని, ఔను, నరికేశాను అంది.